ఫ్రెంచి విప్లవం కులీన స్త్రీలకు మేలు చేసిందా, కీడు చేసిందా?

గోదారిగాలి:
"ఫ్రెంచి విప్లవం గొప్పింటి ఆడవాళ్ల తలలు తీసింది తప్ప వాళ్లకు ఒరగబెట్టిందేమీ లేదు" అని నిన్న ఇంకో చర్చలో ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. విప్లవం మొదలైన 1789కి ముందు ఆ ఇళ్లలో ఆడపిల్ల బతుకేంటో చూడండి. ఆస్తిలో సింహభాగం పెద్దకొడుక్కి, కట్నం ఇచ్చుకోలేకపోతే కూతురు సన్యాసినుల మఠానికి, మాట వినని పెళ్లాన్నైతే మొగుడు రాజుగారి ఉత్తర్వు ఒకటి తెచ్చుకుని మఠంలో పెట్టించేయొచ్చు. 1790, 91 చట్టాలతో ఇవన్నీ పోయాయి. వీలునామా లేని ఆస్తిలో కూతురికీ సమాన వాటా వచ్చింది. 1792 సెప్టెంబరు 20న విడాకుల చట్టం కూడా వచ్చింది, అదీ ఆడా మగా ఇద్దరికీ.

రేపల్లె_రైలు:
కాగితం మీద బాగానే ఉందండీ, కానీ ఆ విడాకులు కొందరు ఎందుకు తీసుకున్నారో కూడా చెప్పాలి కదా. మొగుడు దేశం దాటి పారిపోతే ఆస్తి జప్తు, భార్య మీద అనుమానం. ఉన్న కాస్త ఆస్తీ, తమ ప్రాణమూ కాపాడుకోవడానికి సంతకం పెట్టినవాళ్లున్నారు. దాన్ని స్వేచ్ఛ అంటే నాకు మింగుడుపడదు. విప్లవం మొదట్లో నాయకుడై తర్వాత దేశం దాటిన సేనాని లఫాయెత్ భార్య ఆద్రియెన్ ఆ దారి తొక్కలేదు, మొగుడి పేరు వదల్లేదు. ఆమె జైల్లో ఉండగానే 1794 జులై 22న డెబ్భై ఏళ్ల నానమ్మని, అమ్మని, అక్కని ఒకే రోజు గిలెటిన్ (తల నరికే యంత్రం) ఎక్కించారు. ఈ మరణశిక్షల కాలాన్ని నడిపిన నాయకుడు రోబెస్పియర్ పతనం సరిగ్గా ఐదు రోజుల తర్వాత! విడుదలయ్యాక ఆమె ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని ఆస్ట్రియా వాళ్ల జైలుకి వెళ్లి, అక్కడ ఖైదీగా ఉన్న మొగుడితో పాటే ఉండిపోయింది. ఈవిడకి విప్లవం ఏమిచ్చిందో మీరే చెప్పండి.

కొత్తపలక:
అందరి కథా అలా ముగియలేదు. రాణి మేరీ ఆంత్వానెత్ కొలువులో ఉన్న లూసీ ద లా తూర్ దు పాన్ 1794లో అమెరికా పారిపోయి, ఆల్బనీ దగ్గర పొలం కొని, వెన్న తీసి దాని మీద ఇంటి ముద్ర వేసి మరీ అమ్మింది. తన చేతులతో బతకడం అక్కడే నేర్చుకుంది.

రేపల్లె_రైలు:
ఆ పొలానికి బానిసల్ని కూడా కొన్నారు, ఆ సంగతీ చెప్పండి. 1796లో ఫ్రాన్సుకి తిరిగి వెళ్తూ వాళ్లకు స్వేచ్ఛ ఇచ్చారు, నిజమే, కానీ ఆ కష్టం ఆమె ఒక్కదానిదే కాదు.

గోదారిగాలి:
నానమ్మ, అమ్మ, అక్క సంగతి చదివితే నాకూ గుండె పిండేసినట్టు ఉంటుంది. కానీ వాళ్లను పాతిపెట్టిన పారిస్‌లోని పిక్‌ప్యూస్ గోతుల్లో, రోబెస్పియర్ పతనానికి ముందు ఆరు వారాల్లో చేరినవాళ్లు 1306 మంది. అందులో ఆడవాళ్లు 197. వాళ్లలో కులీనులు 51, సన్యాసినులు 23, మిగతా 123 మంది మామూలు ఇళ్లవాళ్లు. వాళ్ల గురించి మనలో ఎవరైనా ఒక్క ముక్క రాశామా? ఇక చట్టాల మాటకొస్తే, 1816లో తిరిగొచ్చిన రాచరికం విడాకులు ఎత్తేసింది గానీ కూతురి వాటా జోలికి అంతకుముందు ఏలిన నెపోలియన్ కూడా పోలేదు.

రేపల్లె_రైలు:
వాటా ఉంచాడు, 1804 చట్టంలో భార్య మొగుడికి విధేయంగా ఉండాలనీ రాయించాడు. పెళ్లయ్యాక తన ఆస్తి తాను అమ్ముకోవాలన్నా ఆయన ఒప్పుకోవాల్సిందే.