అప్‌డేట్: డబ్బా ఖాళీగా వస్తోంది

రెండో తరగతి చదివే మా అమ్మాయి మధ్యాహ్నం డబ్బా సగం కూడా తినకుండా తెస్తోందని, ఏం పెట్టాలో చెప్పమని నెల క్రితం మిమ్మల్ని అడిగాను. ముందు పిల్లనే అడగమని మీలో ఒకరు అన్నారు. అడిగితే రెండు మాటలు చెప్పింది: పెరుగన్నం పులుస్తోంది, డబ్బా మూత రావడం లేదు. తిండి మీద అయిష్టమని ఇన్నాళ్లూ కోప్పడ్డాను. పాపం, మూత తీయలేక అలాగే మూసి తెచ్చేది! ఆ రోజే డబ్బా మార్చాను.

ఇప్పుడు అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలుపుతున్నాను. 12:30కి కమ్మగా తోడుకుని ఉంటోంది. పైన దానిమ్మ గింజలు చల్లుతాను.

మునగాకు పప్పన్నం ముట్టలేదు. అదే ఆకును సన్నగా తరిగి పెసరట్టు పిండిలో కలిపి, అరచేతిలో పట్టేంత చిన్న అట్లు వేస్తే నాలుగూ తిన్నది. రాగి దోసె చల్లారితే గట్టిపడుతోంది, అందుకే అది ఇంట్లో వేడివేడిగానే పెడుతున్నాను.

నిన్న డబ్బాలో కరివేపాకు రెబ్బ ఒక్కటే మిగిలింది. సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మనసారా కృతజ్ఞతలు.