చర్చ: చెలకలో ఉన్న రాకాసి గుళ్ళు ఉన్నచోటే ఉండాలా, మ్యూజియానికి తరలించాలా?

చెలక_రైతు:
సిద్దిపేట వైపు మాకు నాలుగెకరాల చెలక ఉంది. అందులో రెండు రాకాసి గుళ్ళున్నాయి. గుండ్రంగా పేర్చిన బండరాళ్లు, నడుమ నేలలో కూరుకుపోయిన పెద్ద సలప, అంటే పలకలాంటి బండ. నవీన శిలాయుగం నాటి సమాధులని ఎవరో చెప్పారు. ట్రాక్టర్ తిప్పాలంటే అడ్డం. పగలగొట్టడానికి మనసొప్పదు. ప్రభుత్వమే తవ్వి తీసుకెళ్లి మ్యూజియంలో నిలబెడితే బాగుంటుంది కదా?

పాతరాయి:
అవి నవీన శిలాయుగానివి కావండి. మన దగ్గర ఇలాంటి వలయాల కింద ఇనుప కత్తులు, గొడ్డళ్లు, నలుపు-ఎరుపు కుండలు దొరుకుతాయి. అంటే ఇనుప యుగం. నవీన శిలాయుగం చూడాలంటే పాలమూరు వైపు ఉట్నూరులో పశువుల పేడ కాలి పేరుకున్న బూడిద దిబ్బ ఉంది. ఇక తరలింపు మాట. సమాధి అంటే పైన కనిపించే రాళ్లే కాదు. నాలుగు సలపలతో కట్టిన గూడు ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఎముకలు ఏ మూల పెట్టారు, ఏ కుండ కింద ఏ మట్టి ఉంది, అదంతా కలిస్తేనే సమాధి. రాళ్లు మోసుకెళ్తే మ్యూజియంలో మిగిలేది రాళ్లే.

జానకి_కె:
నాగార్జునకొండలో పాత కట్టడాలను తరలించారుగా?

పాతరాయి:
అక్కడ సాగర్ నీళ్లు ముంచేస్తాయని 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్నింటిని కొండ మీదికి చేర్చారు. వేరే దారి లేదు. ఇక్కడ ఏ నీళ్లొస్తున్నాయి?

చెలక_రైతు:
మా జిల్లాలోనే నర్మెటలో 2017లో ఇలాంటి సమాధిని తవ్వినప్పుడు సుమారు 40 టన్నుల కప్పుబండను క్రేన్‌తో లేపారు. అంత బండే లేచినప్పుడు నా చెలకలో రాయి ఎందుకు లేవదు?

పాతరాయి:
లేవదని నేననలేదు. నర్మెటది కూడా ఇనుప యుగమే, ముందు మీ మొదటి పోస్టులోని ‘నవీన శిలాయుగం’ అన్న మాట సరిచేయండి.

వలస_పక్షి:
యుగం సంగతి వదిలేయండి సార్, ఆయన అడిగింది వేరు.

పాతరాయి:
వదలను. నవీన శిలాయుగం అంటే ఇనుప యుగం కంటే ఇంకా వెనక్కి పోతాం. తప్పు పేరు ఒకసారి ఊళ్లో పడితే బోర్డుల మీదికి ఎక్కుతుంది.

చెలక_రైతు:
పేరు ఏదైనా పెట్టుకోండి. మా నాయిన కాలంలో ఇద్దరు అధికారులు వచ్చారు. సున్నంతో గీత గీసి, లోపల దున్నొద్దన్నారు. కాగితం ఇవ్వలేదు, పైసా ఇవ్వలేదు, మళ్లీ రాలేదు. ఆయన పోయేదాకా ఆ గీత దాటలేదు. మీరు ఇంట్లో కూర్చుని దిక్కులు, మట్టి అంటున్నారు. ఆ నష్టం మీరు మోశారా?

పాతరాయి:
నేనూ మోశాను. మా అమ్మమ్మ ఊళ్లో చిన్నప్పుడు లెక్కపెట్టుకుంటూ ఆడిన వలయాలు ఇరవైకి పైనే. రోడ్డుకు కంకర కావాలని కొట్టేశారు. మొన్న పోతే ఒక్కటి లేదు. మీ రాళ్ల గురించి చదువుతుంటే ఆ చెలకే కళ్ల ముందు కదులుతోంది, అందుకే గట్టిగా మాట్లాడాను. పురాతన కట్టడాల కేంద్ర చట్టంలో 100 మీటర్ల దాకా ఉన్న నిర్మాణ నిషేధం రక్షిత జాబితాలో ఉన్నవాటికే. మీవి జాబితాలో లేకపోతే ఆ గీతకు చట్టబలం ఉండి ఉండదు. ఊరు పేరు చెప్పండి, నేనే అర్జీ రాస్తాను.

చెలక_రైతు:
చెప్పను. పేరు బయటపడితే అధికారుల కంటే ముందు గుప్తనిధుల వాళ్లు రాత్రిపూట వస్తారు. పక్క చెలకలో ఒక గుంత ఇప్పటికే ఉంది. నిజం చెబుతున్నాను, నాకు మ్యూజియం మీద మోజు లేదు. కాపలా నావల్ల కాదు, అందుకే తీసుకెళ్లమంటున్నాను. అది అందరి ఆస్తి అంటారు, నేల మాత్రం నా ఒక్కడిదే పోవాలా?

పాతరాయి:
మన పూర్వీకుల సమాధికి కూడా లెక్క కడతామా?

జానకి_కె:
కట్టాలి. రెండూ కలిపి ఎంత నేల?

చెలక_రైతు:
ట్రాక్టర్ తిరిగే జాగా తీసేస్తే మూడు గుంటలు.

జానకి_కె:
మూడు గుంటల కౌలు ఏటా ఊరు చందా వేసుకుని ఇవ్వలేదా?

చెలక_రైతు:
ఊళ్లో అడుగుతాను. ఈ యాసంగికి వాటి చుట్టూ నాగలి పెట్టను. వానాకాలానికి మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను.