పని చేసేవాడికీ, బయట ఉన్నవాడికీ వాటా ఒకటేనా?

పెద్దోడు:
పదకొండేళ్లుగా నాన్నతో పాటు వ్యాపారం చూస్తున్నాను. తమ్ముడు వేరే ఉద్యోగంలో ఉన్నాడు. ఇప్పుడు నాన్న ఇద్దరికీ చెరిసగం రాస్తానంటున్నారు. నాకు జీతమంటూ ఏమీ లేదు, అవసరం పడినప్పుడల్లా గల్లాపెట్టెలోంచి తీసుకోవడమే. అడిగితే డబ్బు మనిషినంటారు, అడక్కపోతే లోపల రగిలిపోతోంది. చెరిసగం న్యాయమేనా?

లెక్కలపిచ్చి:
మీరు రెండు లెక్కలు కలిపేశారు. పనికి వచ్చేది జీతం, హక్కుకి వచ్చేది వాటా. ఇదే పని బయటి మనిషి చేస్తే ఎంత ఇవ్వాల్సి వచ్చేదో అంత మీరు నెలనెలా తీసుకోండి. అది ఖర్చులో రాశాక మిగిలిన లాభం చెరిసగమైతే తమ్ముడిని అనడానికేం ఉండదు. 1978లో హార్వర్డ్‌లో టాగ్యురి, డేవిస్ అనే ఇద్దరు మూడు వలయాల బొమ్మ గీశారు: కుటుంబం, యాజమాన్యం, నిర్వహణ. మీ నాన్న మూడింట్లోనూ ఉన్నారు. మీరు కుటుంబంలో, నిర్వహణలో. తమ్ముడు ఇప్పటికి కుటుంబంలోనే. రేపు వాటా రాస్తే అతనూ యజమానే, అప్పుడు లెక్కలు అడుగుతాడు. దాన్ని మీరు 'అన్నని అనుమానిస్తున్నాడు' అనుకుంటారు. గొడవ అక్కడే మొదలవుతుంది.

బయటివాడు:
నేను మీ తమ్ముడి స్థానంలో ఉన్నవాణ్ని. మా అన్న కూడా 'నా కష్టం' అంటాడు. వ్యాపారానికి అప్పు కావాల్సి వచ్చినప్పుడు హామీ సంతకం పెట్టింది మాత్రం నేను. అది మునిగితే నా జీతంలోంచి కట్టాలి. అన్న కారు, ఫోను, పిల్లల ఫీజులు వ్యాపారం ఖాతాలోంచే పోతాయి. అవి జీతం కిందికి రావట! ముందు అవి కాగితం మీద పెట్టండి, తర్వాత న్యాయం గురించి మాట్లాడదాం.

చిన్నకోడలు:
అందరూ అన్నదమ్ముల గురించే మాట్లాడుతున్నారు. మా ఇంట్లో ఏడేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని బిల్లులు రాసేది, పన్ను లెక్కలు సరిచూసేది నేను. నేను ఏ వలయంలో ఉన్నట్టు? ఇంకో మాట. ఆ జీతం నిర్ణయించేది ఎవరు, మామగారే కదా? పెంచితే మరొకరికి కడుపుమంట, పెంచకపోతే మాకు. సంబంధం లేని మనిషి అంకె వేయకపోతే జీతం కూడా ఇంకో తగాదాయే.

వేరుకుంపటి:
అసలు కలిసే ఉండాలన్న పట్టుదల దేనికి? జర్మనీలో డాస్లర్ అన్నదమ్ములు తమ బూట్ల కంపెనీని 1948లో విడగొట్టుకున్నారు. ఒకరిది ఆడిడాస్ అయింది, ఇంకొకరిది ప్యూమా. రెండూ బతికాయి.

లెక్కలపిచ్చి:
కంపెనీలు బతికాయి నిజమే, అన్నదమ్ముల మాట అడగొద్దు. ఇక్కడ నయమేమిటంటే తండ్రి ఉండగానే మాట బయటికి వచ్చింది. ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా రాయకుండా పోయారు. కొడుకుల మధ్య పంపకం తేలేసరికి 2005 వచ్చింది, అదీ తల్లి కోకిలాబెన్ మధ్యవర్తిగా నిలబడితే.

నా టెన్షన్ అంతా చెరిసగం ఓటు గురించే. లాభం సగం పంచుకోవచ్చు, కానీ నిర్ణయం దగ్గర ఇద్దరి బలం సమానమైతే మాట కుదరని రోజున పని అక్కడే ఆగిపోతుంది. రేపు ఒకరు తప్పుకుంటానంటే ఆ వాటాకి వెల ఎలా కట్టాలో కూడా ఇప్పుడే రాసుకోండి. మాటలు బాగున్నప్పుడు రాసుకోవడం తేలిక.

పెద్దోడు:
బయటివాడు గారి మాట గుచ్చుకుంది. పోయిన ఏడాది నేను తీసుకున్నవన్నీ నిన్న రాత్రి రాసి చూశాను. పెట్రోలు, ఇంటి అద్దె, ఆసుపత్రి ఖర్చు అన్నీ కలిపితే, నా పనికి బయట వచ్చే జీతం కంటే ఎక్కువే తేలింది. మా ఆవిడ రెండోసారి కూడింది, అదే అంకె. జీతం ఎంతో తేల్చమని నాన్నని కాకుండా ఆడిటర్‌ని అడిగాను. ఓటు విషయంలో మాత్రం నేను తగ్గను, రోజూ ఆ తలుపు తీసేది నేను.

బయటివాడు:
ఓటు సంగతి తర్వాత. ఆ కాగితం తమ్ముడికి చూపించారా?

పెద్దోడు:
ఇంకా లేదు.