ఓపెన్‌వీఎంఎస్ కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లో నేర్చుకుని రమ్మంటున్నారు

గోదావరిఖని డిప్లొమా:
అందరికీ నమస్కారం. పాలిటెక్నిక్ చదివి, కొంతకాలం కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేశాను. ఇప్పుడు మా దగ్గరి ఒక కర్మాగారంలో కాంట్రాక్టరు కింద ఉద్యోగం దొరికింది. అక్కడ ఉత్పత్తి లెక్కలు చూసే పాత సర్వరు మీద ఓపెన్‌వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం నడుస్తోంది. నాకు విండోస్ వచ్చు, లినక్స్ కొద్దిగా వచ్చు. ఇక్కడ చూస్తే నల్లటి తెర, ఒక డాలరు గుర్తు, అంతే. ఆపరేటరు గారు చూస్తుండగా, లినక్స్‌లో ఫోల్డరు మారడానికి కొట్టే 'సీడీ' ఆదేశం కొడితే ఏదో పెద్ద వాక్యంతో తిట్టి, నేను కొట్టిన మాటనే రెండు వాలు గీతల మధ్య పెట్టి చూపించింది. ఆయన వచ్చే నెలాఖరుకు రిటైరవుతున్నారు. సర్వరు మీద చేయి వేయవద్దు, ఇంట్లో నేర్చుకుని రా అన్నారు సూపర్‌వైజరు. మొదటి నుంచి చెప్పే పుస్తకం గానీ వీడియో గానీ ఉంటే చెప్పండి. తెలుగులో ఉంటే మరీ మంచిది. నా లాప్‌టాప్ 4 జీబీ.

కాజీపేట పాతకాపు:
తమ్ముడూ, పుస్తకం కోసం ఊరంతా తిరగనక్కరలేదు. ఆ డాలరు గుర్తు దగ్గర హెల్ప్ అని కొట్టి ఎంటర్ నొక్కు. విషయాల జాబితా వచ్చి, అడుగున ఏ విషయం కావాలని అడుగుతుంది. డైరెక్టరీ అని ఇస్తే దాని సంగతంతా చెప్పి, అందులో మళ్లీ ఏ భాగం కావాలో అడుగుతుంది. ఖాళీగా ఎంటర్ కొడితే ఒక మెట్టు వెనక్కి, కంట్రోల్ జెడ్ కొడితే బయటికి.

ఇక నిన్ను అది తిట్టలేదు. దాని మాట చదవడం నీకు ఇంకా రాదు. శాతం గుర్తు తర్వాత డీసీఎల్ అని ఉంటుంది, అంటే మాట్లాడుతున్నది ఆదేశాలు చదివే భాగం. తర్వాత ఒక్క అక్షరం డబ్ల్యూ, అంటే హెచ్చరిక మాత్రమే. అక్కడ 'ఈ' అనే అక్షరం ఉంటే తప్పు, 'ఎఫ్' ఉంటే పని పూర్తిగా ఆగిపోయినట్టు. ఆ తర్వాత ఐవీవెర్బ్, అంటే ఈ క్రియ నాకు తెలియదని. హెల్ప్ పక్కన గీత పెట్టి మెసేజ్ అని, ఆ పేరు ఇస్తే కారణం, ఏం చేయాలో రెండూ చెబుతుంది. ఇంత మర్యాదగా మాట్లాడే వ్యవస్థ ఇంకొకటి చూపించండి.

1977లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ వ్యాక్స్ 11/780 యంత్రంతో పాటు తెచ్చింది దీన్ని. దీన్ని రూపొందించినవాళ్లలో ముఖ్యుడైన డేవ్ కట్లర్ తర్వాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి విండోస్ ఎన్‌టీ కట్టాడు. మన కాజీపేట మీదుగా వెళ్లే రైళ్ల రిజర్వేషన్లు కూడా చాలా ఏళ్లు దీని మీదే నడిచాయి. 1980ల చివర్లో మేము నేర్చుకున్నప్పుడు వీడియోలు లేవు, ఇంటర్నెట్ లేదు. హెల్ప్ ఒక్కటే దిక్కు. నెల తిరక్కుండానే రాత్రి షిఫ్టు ఒక్కడినే చూసుకున్నాను.

గోదావరిఖని డిప్లొమా:
ధన్యవాదాలు సార్. కానీ హెల్ప్ కొట్టాలన్నా ఆ సర్వరు ముందు కూర్చోవాలి కదా. దాని మీదే చేయి వేయవద్దన్నారు.

హన్మకొండ పెంగ్విన్:
తమ్ముడూ, సిమ్‌హెచ్ అనే ఎమ్యులేటర్ ఉచితం. పాత వ్యాక్స్ యంత్రాన్ని నీ లాప్‌టాప్‌లోనే నడిపిస్తుంది. వ్యాక్స్ కోసం వచ్చిన చివరి వెర్షన్ 7.3 దాని మీద చక్కగా పనిచేస్తుంది. 4 జీబీలో పదో వంతు కూడా తినదు. పాడు చేసుకున్నా నీదే, మళ్లీ పెట్టుకోవచ్చు. హెల్ప్ చదువుతూ కూర్చుంటే ఎవరికైనా నిద్రే వస్తుంది.

కాజీపేట పాతకాపు:
వ్యాక్స్ 7.3కి లైసెన్సు ఎక్కడి నుంచి తెస్తావు? అభిరుచి కోసం నేర్చుకునేవాళ్లకు ఉచితంగా ఇచ్చే లైసెన్సులను హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ 2020లోనే ఆపేసింది. అప్పటికే ఇచ్చినవి 2021 చివరికి ముగిశాయి. కొత్తగా పుట్టుకొచ్చే తాళంచెవి లేదు.

హన్మకొండ పెంగ్విన్:
లైసెన్సు లేకపోయినా కన్సోల్ నుంచి, అంటే యంత్రం సొంత తెర నుంచి, లోపలికి వెళ్లవచ్చు. నేర్చుకోవడానికి అది చాలు.

కాజీపేట పాతకాపు:
నేను అడిగింది వెళ్లవచ్చా అని కాదు, వెళ్లే హక్కు ఉందా అని.

హన్మకొండ పెంగ్విన్:
ఎప్పుడో అమ్మకం ఆగిపోయిన యంత్రం, ఎవరికీ అక్కరలేని వెర్షన్. ఒక కుర్రవాడు ఇంట్లో దాన్ని నడిపితే ఎవరి సొమ్ము పోతుంది సార్?

కాజీపేట పాతకాపు:
ఎవరి సొమ్మని అడిగేవాడు ముందు ఎవరిదో తెలుసుకోవాలి. డిజిటల్‌ను 1998లో కాంపాక్ కొన్నది, కాంపాక్ 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో కలిసింది. 2014 నుంచి కొత్త వెర్షన్లు తెచ్చే బాధ్యత వీఎంఎస్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ తీసుకుంది. వాళ్లు 2022లో దీన్ని మామూలు పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్ల మీదికి కూడా తెచ్చారు. బతికున్న సరుకు ఇది. పైగా ఆ కుర్రవాడు వెళ్లేది కర్మాగారంలోకి. అక్కడ లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్‌తో నేర్చుకున్నానని ఎవరి ముందు చెప్పుకుంటాడు?

జగిత్యాల బీఎస్సీ:
ఇదంతా వదిలేసి పైథాన్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో అన్నా. ఖాళీ అయిపోయే ఊరికి కొత్త దారి ఎందుకు?

మానేరు తీరం:
ఆయనకు ఉద్యోగం వచ్చింది దీని మీద, పైథాన్ మీద కాదు. ప్రశ్న చదివి జవాబు చెప్పండి.

పాతకాపు గారు చెప్పిన వీఎంఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థే కమ్యూనిటీ లైసెన్సు ఇస్తుంది. వాణిజ్య అవసరానికి కాకపోతే ఉచితం. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 2024 నుంచి పాత ఆల్ఫా, ఇటానియం యంత్రాలకు కొత్తవారికి ఇవ్వడం మానేసి, ఎక్స్86కి మాత్రం అన్నీ పెట్టి సిద్ధం చేసిన వర్చువల్ డిస్కు ఇస్తున్నారు. లాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటరులా నడిచే వర్చువల్ మెషీన్‌లో తగిలించి బూట్ చేయడమే. గడువు ఉంటుంది, మళ్లీ కొత్తది దించుకోవాలి. అయితే 4 జీబీ లాప్‌టాప్‌తో ఇది సాగే పని కాదు. మెమరీ పెంచుకోక తప్పదు. యూజర్స్ మాన్యువల్ మొదలుకొని మాన్యువళ్లన్నీ వాళ్ల సైట్‌లో ఉచితంగా చదవవచ్చు. తెలుగులో నాకు ఏదీ కనబడలేదు.

కరీంనగర్ రాధ:
వీడియోలు, కోర్సులు అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. మా తమ్ముడు 'మెయిన్‌ఫ్రేమ్, లెగసీ సిస్టమ్స్' అని బోర్డు పెట్టిన ఒక కోచింగ్ సెంటరులో ముప్పై వేలు కట్టాడు. చెప్పే మనిషికి స్లైడులు చదవడం తప్ప ఏమీ రాదు. ఒక్క రోజు కూడా యంత్రం ముందు కూర్చోబెట్టలేదు. చివర్లో సర్టిఫికెట్టు ఇచ్చారు, అందులో మా తమ్ముడి ఇంటిపేరు కూడా తప్పే.

హన్మకొండ పెంగ్విన్:
అందుకే అంటున్నాను, సొంతంగా ఎమ్యులేటర్ పెట్టుకోవాలి.

కాజీపేట పాతకాపు:
అందుకే అంటున్నాను, మాన్యువల్ చదవాలి. ఈ తరానికి ఓపిక లేదు. పది నిమిషాల వీడియో దొరకకపోతే ప్రపంచంలో చదువే లేదంటారు. మేము ఎవరినీ అడగలేదు.

పెద్దపల్లి నైట్‌షిఫ్టు:
పాతకాపు గారూ, మీరంటే నాకు గౌరవం. కానీ ఒక మాట. ఇక్కడే ఇంకో చర్చలో మీ మొదటి ఉద్యోగం గురించి రాశారు. కంపెనీ మిమ్మల్ని ఆరు వారాలు బెంగళూరులో శిక్షణకు పంపింది. జీతం ఇచ్చింది, బస ఇచ్చింది. తిరిగి వచ్చాక మీ గదిలో గోడ పొడవునా నారింజ రంగు బైండర్లలో మాన్యువళ్లు ఉండేవి. పక్క కుర్చీలో మీ సీనియరు ఉండేవారు. ఇదంతా మీరు రాసిందే. 'ఎవరినీ అడగలేదు' అనడానికి అడగవలసిన అవసరం మీకు ఎక్కడ వచ్చింది?

ఈ అబ్బాయికి ఇచ్చింది ఏమిటి? సర్వరు ముట్టుకోవద్దు, ఇంట్లో నేర్చుకో, నెలాఖరుకు సిద్ధంగా ఉండు. లాప్‌టాప్ అతనిది, మెమరీ పెంచుకునే డబ్బు అతనిది, రాత్రి నిద్ర అతనిది. మీరిద్దరూ హెల్ప్ గొప్పదా, ఎమ్యులేటర్ గొప్పదా అని కొట్టుకుంటున్నారు. నేర్పించే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఒక్కరూ అడగరు.

హన్మకొండ పెంగ్విన్:
నైట్‌షిఫ్టు గారూ, బాగా అడిగారు.

కాజీపేట పాతకాపు:
నా పాత రాతలు తవ్వి నన్నే బోనులో నిలబెడతారా? శిక్షణకు పంపారు, నిజమే. ఆరు వారాల్లో ఏం వస్తుంది? మిగతా ముప్పై ఏళ్లు నేను కూర్చుని చదివిందే. ఇంకో మాట. కాంట్రాక్టరు దగ్గర చేరేవాడు శిక్షణ ఇవ్వండి అని అడిగితే మర్నాడే ఇంకొకరిని తెస్తారు. నేను ఆ కుర్రవాడి పొట్ట మీద కొట్టే సలహా ఇవ్వను. చదువు, నిలబడు, తర్వాత అడుగు. మీరు చెప్పే న్యాయం కాగితం మీద బాగుంటుంది.

పెద్దపల్లి నైట్‌షిఫ్టు:
నేను అతన్ని సమ్మె చేయమనలేదు. మా ఆయన ఒక ప్లాంటులో ఇలాగే కాంట్రాక్టు మీద చేరారు. మూడేళ్లు తానే నేర్చుకున్నారు, యంత్రాలన్నీ చూసుకున్నారు. పర్మినెంటు పోస్టు వచ్చినప్పుడు 'అధికారిక శిక్షణ పొందినట్టు రికార్డు లేదు' అని పక్కన పెట్టారు. ఇంట్లో నేర్చుకున్నదానికి రికార్డు ఎవరు రాస్తారు?

కరీంనగర్ రాధ:
ఇదే. మా తమ్ముడి సర్టిఫికెట్టు చూసి ఇంటర్వ్యూలో నవ్వారు. సర్టిఫికెట్టు లేనివాడిని లోపలికే రానివ్వరు.

జగిత్యాల బీఎస్సీ:
పైథాన్‌కి అయితే రికార్డు కూడా అక్కరలేదు.

మానేరు తీరం:
రికార్డు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తమ్ముడూ, ఆపరేటరు గారు ఉన్న ఈ నెల రోజులే నీ అసలు పుస్తకం. ఏ మాన్యువల్‌లోనూ మీ కర్మాగారం సంగతి ఉండదు. రాత్రి ఏ జాబ్ ఏ క్యూలో నడుస్తుంది, ఏది ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి, బ్యాకప్ ఏ టేపు మీదికి వెళుతుంది, ఇవి ఆయనకే తెలుసు. ఆయన పక్కన కూర్చునే అనుమతి ఇవ్వమని సూపర్‌వైజరుకు ఒక్క పేజీ ఉత్తరం రాయి, తేదీ వేయి, ప్రతి నీ దగ్గర ఉంచుకో. నైట్‌షిఫ్టు గారు అడిగిన రికార్డుకు అక్కడే మొదలు. చేయి వేయవద్దన్నారు గానీ చూడవద్దనలేదు కదా.

ఆపరేటరు గారు ఒప్పుకుంటే, సర్వరులోకి వెళ్లడానికి పుటీ అనే ప్రోగ్రాము వాడుతుంటే, అందులో సెషన్ లాగింగ్ పెట్టమను. తెర మీద కనిపించేదంతా ఒక ఫైలులో పడుతుంది. కామ్ అనే పొడిగింపు ఉన్న ఫైళ్లలో ఆదేశాల వరుసలు ఉంటాయి. వాటిని టైప్ ఆదేశంతో తెర మీదికి తెప్పించి ఒక్కొక్క వరుసకు అర్థం అడుగు.

కాజీపేట పాతకాపు:
ఇది మంచి సలహా. నేనూ ఇదే చెప్పబోతున్నాను. దీనికి ఒకటి కలుపుతాను. ఫైలు పేరు చివర సెమీకోలన్, అంకె ఉంటాయి, అవి వెర్షన్లు. ఫైలు దిద్ది దాచిన ప్రతిసారీ పాతది ఉండగానే కొత్త అంకెతో ఇంకొకటి పుడుతుంది. డిలీట్ అంటే ఏ వెర్షనో చెప్పమని పట్టుబడుతుంది. పర్జ్ మాత్రం చివరిది ఉంచి వెనకవన్నీ ఊడ్చేస్తుంది, మళ్లీ అడగదు. మీ ఆపరేటరు గారు పర్జ్ ఎక్కడ వాడతారో, ఎక్కడ వాడరో ముందు అదే అడుగు. సెట్ డిఫాల్ట్ అనేది నీ సీడీకి బదులు. కానీ లేని డైరెక్టరీ పేరు ఇచ్చినా సరేనని ఊరుకుంటుంది. తర్వాతి ఆదేశంలోగానీ తప్పు బయటపడదు.

హన్మకొండ పెంగ్విన్:
ఇంతసేపూ హెల్ప్ చాలన్నారు. ఇప్పుడు చెప్పినవన్నీ మనిషి చెప్పవలసినవే కదా సార్?

కాజీపేట పాతకాపు:
హెల్ప్‌లో పర్జ్ అని కొట్టు, ఉంటుంది. చదవనివాడికి మనిషి కావాలి.

పెద్దపల్లి నైట్‌షిఫ్టు:
మళ్లీ మొదలుపెట్టారు.

గోదావరిఖని డిప్లొమా:
ఉత్తరం రాసి ఇచ్చాను. సూపర్‌వైజరు సంతకం పెట్టలేదు కానీ రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఆయన పక్కన కూర్చోమన్నారు. ఇవాళ ఆపరేటరు గారు రాత్రి బ్యాకప్ ఫైలు తెరిచి చూపించారు, సగం వరుసలు అర్థమయ్యాయి. చేయి వేయడం ఇంకా లేదు, అందుకే మెమరీ కొనడానికి డబ్బు చూసుకుంటున్నాను, కమ్యూనిటీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. ఒక సందేహం: ఆయన వాడే ఎడిటర్ ఈడీటీ, పనంతా అంకెల కీప్యాడ్ మీదే చేస్తున్నారు. నా లాప్‌టాప్‌కు ఆ కీప్యాడ్ లేదు. ఏం చేయాలి?

మానేరు తీరం:
యూఎస్‌బీ కీప్యాడ్ విడిగా దొరుకుతుంది, ఎక్కువ ఖరీదు కాదు. అప్పటి వరకు ఈవ్ ఎడిటర్ వాడు, కంట్రోల్ జెడ్ కొడితే దాచి బయటికి వస్తుంది. ఈడీటీలో అదే కంట్రోల్ జెడ్ కొడితే నక్షత్రం గుర్తు దగ్గర ఆగుతుంది. అక్కడ ఎగ్జిట్ అంటే దాస్తుంది, క్విట్ అంటే చేసిన మార్పులన్నీ వదిలేస్తుంది.

హన్మకొండ పెంగ్విన్:
కీప్యాడ్ బిల్లు కూడా సూపర్‌వైజరుకు పెట్టు తమ్ముడూ.

కాజీపేట పాతకాపు:
పెట్టు, ఇస్తే నాకూ చెప్పు.