లాటిన్ ధాతువులు నేర్చుకుంటే పరీక్షలో ఇంగ్లిష్ పదాలు తేలికవుతాయా?

ప్రశ్న: దేవరకొండ నుంచి ఒక పట్టభద్రుడు

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, నల్లగొండలో డిగ్రీ పూర్తిచేసి, ప్రస్తుతం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే ఎస్సెస్సీ సీజీఎల్‌కు చదువుతున్నాను. మా చెల్లెలు బీటెక్ చివరి సంవత్సరంలో ఉంది, విదేశాల్లో పీజీ చదువులకు రాసే జీఆర్ఈకి సిద్ధమవుతోంది. ఇద్దరికీ కొరుకుడు పడనివి ఇంగ్లిష్ పదాలే. దిల్‌సుఖ్‌నగర్‌లో మేము చేరిన కోచింగ్‌లో ముందుగా లాటిన్, గ్రీకు ధాతువుల పట్టిక చేతికిచ్చి బట్టీ పట్టమన్నారు. ‘స్పెక్ట్’ అంటే చూడటం, ‘డిక్ట్’ అంటే చెప్పడం, ‘పోర్ట్’ అంటే మోయడం, ఇలా రెండు వందల దాకా ఉన్నాయి. ఇవి వస్తే వేల పదాలు వచ్చినట్టేనని వారి మాట. ఇదే పరీక్ష రాసి ఉద్యోగంలో చేరిన మా ఊరి అన్న మాత్రం పట్టిక పక్కన పెట్టి, పాత ప్రశ్నపత్రాల్లో వచ్చిన పదాలే చదువుకొమ్మంటున్నాడు. మాకున్న సమయం తక్కువ కనుక ఎవరి మాట వినాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

నల్లగొండ నుంచి ఒక ఇంగ్లిష్ అధ్యాపకుడు

పట్టిక పక్కన పెట్టమనడం తొందరపాటు. ఇంగ్లిష్ నిఘంటువులోని పదాల్లో సగానికి పైగా లాటిన్ నుంచి నేరుగానో, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఫ్రెంచి మీదుగానో వచ్చినవే. ఇంట్లో, వీధిలో వాడే చిన్న మాటల్లో వాటి పాలు తక్కువే గాని, పరీక్షలో అడిగే బరువైన మాటల్లో పైచేయి వాటిదే.

మన జిల్లాలో ఫ్లోరైడ్ అనే మాట వినని ఇల్లు లేదు. దాని మూలం ‘ఫ్లూయెరే’ అనే లాటిన్ క్రియ, అంటే ప్రవహించడం. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజాన్ని కొలిమిలో కలిపితే లోహపు ముడిఖనిజం త్వరగా కరిగి పారుతుంది కనుక ఆ ఖనిజానికి, దానిలోంచి పుట్టిన మాటలకు ఆ పేరు వచ్చింది. క్లాసులో ఇంతవరకు చెప్పి, బోర్డు మీద మిగతా కుటుంబాన్ని రాస్తాను. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు ‘కాన్‌ఫ్లుయెన్స్’. నిండిన తరువాత పొర్లిపోయేటంత, అంటే అవసరానికి మించినది ‘సూపర్‌ఫ్లుయస్’. సంపద తన వైపు పారివచ్చినవాడు ‘ఆఫ్లుయెంట్’. ఫ్యాక్టరీ బయటికి వదిలే మురుగు ‘ఎఫ్లుయెంట్’. తేనె జాలువారినట్టుండే గొంతు ‘మెలిఫ్లుయస్’. విడివిడిగా బట్టీ పడితే వారంలో మరిచిపోయే ఈ అయిదు మాటలను, ఒకే ధాతువు కింద చూపితే వెనక బెంచీ పిల్లలు కూడా చాలాకాలం గుర్తుపెట్టుకోవడం నేను ఏటా చూస్తున్నాను. (ఇంగ్లిష్‌లో పారడానికి వాడే ‘ఫ్లో’ మాత్రం ఈ కుటుంబానిది కాదు. అది జర్మానిక్ మూలపు మాట, పోలిక కాకతాళీయమే.)

మహబూబ్‌నగర్ నుంచి, జీఆర్ఈ రాసి ఇప్పుడు పిల్లలకు చెబుతున్న ఒకరు

సార్ ఉదాహరణలు బాగున్నాయి. అయితే ఆ అయిదూ ధాతువు చెప్పినట్టు నడుచుకునే మాటలు. పరీక్ష తయారుచేసేవారు ఏరుకునేవి చాలాసార్లు ధాతువు మాట వినని పదాలు. ‘గ్రెగ్’ అంటే మంద అని పట్టికలో ఉంటుంది. మందలో ఉండటానికి ఇష్టపడేవాడు ‘గ్రిగేరియస్’, మందను వేరుచేయడం ‘సెగ్రిగేట్’, అంతవరకు ఇబ్బంది లేదు. ‘ఎగ్రీజియస్’ ఎదురైనప్పుడు అదే పట్టిక నమ్ముకున్న విద్యార్థి, మందలోంచి బయటికి వచ్చినది గనుక విశిష్టమైనదని అర్థం చెప్పుకుంటాడు. 16వ శతాబ్దంలో రాసి ఉంటే అతనికి మార్కు వచ్చేది, ఎందుకంటే అప్పట్లో దానిని మెచ్చుకోలుగానే వాడారు. వ్యంగ్యంగా వాడగా వాడగా అర్థం తిరగబడి, ఈనాడు అది ఘోరమైన తప్పులకు వాడే విశేషణమైంది. ‘ఎనర్వేట్’ కూడా ఇంతే. ఎనర్జీ గుర్తొచ్చి ఉత్సాహపరచడం అనుకుంటారు గాని, దాని అర్థం నరాల బిగువు తీసేయడం, అంటే నీరసింపజేయడం. ‘పెడెస్ట్రియన్’లో పాదం కనబడుతుంది, కాని జీఆర్ఈలో అది తరచుగా పాదచారి కాదు, ఏ విశేషమూ లేని చప్పటి రాత.

ఇంకొక సంగతి చెల్లెలి కోసం చెబుతున్నాను. జీఆర్ఈలో వ్యతిరేకపదాలు, అనాలజీలు (పదాల జతల మధ్య పోలికలు) నేరుగా అడిగే ప్రశ్నలు 2011 ఆగస్టులోనే పోయాయి. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించిన తరువాత ఇంగ్లిష్ భాగమైన వెర్బల్‌లో మిగిలినవి 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. వాటిలో సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే రకంలో ఆరు ఆప్షన్ల నుంచి, వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఎంచుకోవాలి, ఒకటి తప్పినా మార్కు లేదు. మాటకారి గురించిన వాక్యమైతే సరిపడే జత ‘గార్యులస్’, ‘లొక్వేషస్’. ఈ రెండూ వేర్వేరు ధాతువులవి. మితభాషి అయితే ‘లకానిక్’, ‘టాసిటర్న్’. మొదటిది గ్రీసులోని లకోనియా అనే ప్రాంతం పేరు మీద వచ్చింది, రెండోది లాటిన్. పట్టిక ఏం చేస్తుందంటే, ‘లొక్’ అనే ధాతువు కింద ‘లొక్వేషస్’, ‘కొలోక్వియల్’, ‘ఆబ్లొక్వీ’లను ఒకే పేజీలో కూర్చోబెడుతుంది. వదరుబోతు, వ్యావహారికం, నింద అనే ఈ మూడు అర్థాలు జవాబుగా ఎప్పుడూ జతకట్టవు, జతకట్టవలసినవేమో వేర్వేరు పేజీల్లో చెల్లాచెదురై ఉంటాయి. జీఆర్ఈకి చదివేవారు పదాలను అర్థాన్ని బట్టి గుంపులు కట్టుకోవాలి గాని పుట్టుకను బట్టి కాదు.

వనపర్తి నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయురాలు

ఈ విషయం మన వ్యాకరణం చదివినవారికి కొత్తది కాదు. మా చదువులో వల్లెవేయించిన శ్లోకం ఒకటుంది:

ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే
ప్రహారాహారసంహారవిహారపరిహారవత్

ధాతువు ముందు చేరే ఉపసర్గ దాని అర్థాన్ని బలవంతంగా మరోచోటికి లాక్కుపోతుందని దాని భావం. హృ అనే ధాతువు ఒకటే, కాని కొట్టడం ప్రహారం, తినడం ఆహారం, చంపడం సంహారం, తిరగడం విహారం, నష్టానికి చెల్లించేది పరిహారం. తీసుకుపోవడం అనే ధాత్వర్థం తెలిసినంత మాత్రాన పంట నష్టపరిహారం అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ మాట వాడుకలో విన్న తరువాత మాత్రం ధాతువు దానిని మరపురానివ్వదు. కనుక మహబూబ్‌నగర్ వారు చెప్పిన చిక్కు లాటిన్‌ది మాత్రమే కాదు, ఉపసర్గలున్న ప్రతి భాషదీ.

అయినా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ధాతువులను చూసి బెదరనక్కరలేదు. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే మూలభాష నుంచి చీలి ఉండవచ్చని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పినప్పటి నుంచి భాషావేత్తలు ఆ బంధుత్వాన్ని పద పదానా నిరూపించారు. దంతం ‘డెంట్’, పాదం ‘పెడ్’, అగ్ని ‘ఇగ్నిస్’, నామం ‘నోమెన్’, నవ ‘నోవ్’, మధ్య ‘మెడి’, మృతి ‘మోర్ట్’, దానం ‘డోన్’, జన ‘జెన్’. కోచింగ్ పట్టికలో ఇలాంటివి మనకు సగం తెలిసినవే. మా బడిలో ఒక అమ్మాయి ‘ఇగ్నైట్’ పక్కన అగ్ని అని రాసుకొని ఆ పేజీ ఇక తిప్పవలసిన పనిలేదంది. తెలుగు ద్రావిడ భాష కనుక ఈ పోలిక సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాలతోనే కుదురుతుంది, అచ్చతెలుగు మాటలతో కుదరదు. ఆ ఒక్క జాగ్రత్త చాలు.

మిర్యాలగూడ నుంచి, సీజీఎల్ రాసినవారొకరు

తమ్ముడూ, అడిగింది నువ్వు గనుక నీ పరీక్ష గురించే చెబుతాను. జీఆర్ఈలో మైనస్ మార్కులు లేవు, కాబట్టి అక్కడ ధాతువును బట్టి ఊహించడం వల్ల పోయేదేమీ లేదు. సీజీఎల్ మొదటి దశ అయిన టియర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకొని ఒకటి పెడితే సగటున ఎనిమిదో వంతు మార్కు మిగులుతుంది. ధాతువు పుణ్యమా అని రెండు ఆప్షన్లు కొట్టివేయగలిగితే, మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టినందుకు సగటున ముప్పావు మార్కు వస్తుంది. రెండో దశ టియర్-2లో ప్రశ్నకు 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత, కాబట్టి అక్కడ గుడ్డిగా పెడితే లాభం సున్నా. రెండు ఆప్షన్లు కొట్టివేసి పెడితే సగటున ఒక మార్కు. అర్థం పూర్తిగా తెలియకపోయినా ‘మాల్’తో మొదలైన ‘మలెవొలెంట్’ చెడ్డదని, ‘బెనె’తో మొదలైన ‘బెనెవొలెంట్’ మంచిదని తెలిస్తే చాలు, రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయి. జాగ్రత్తపడవలసింది ‘ఇన్’, ‘ఇమ్’ దగ్గర. ‘ఇంపెకబుల్’ చూడటానికి తిట్టులా ఉంటుంది గాని ఏ దోషమూ లేనిదని అర్థం. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనిది.

పైవారెవరూ ఎత్తని సంగతి మరొకటి ఉంది. మన పరీక్షలో వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్ అనే రకం ఉంటుంది, అంటే ఒక వివరణకు సరిపడే ఒకే మాట చెప్పడం. జీఆర్ఈలో అది లేదు. అందులో ధాతువు నేరుగా జవాబు చెబుతుంది. చంపడాన్ని తెలిపే ‘సైడ్’ ఒక్కటి పట్టుకుంటే, రాజును చంపితే ‘రెజిసైడ్’, సోదరుణ్ణి చంపితే ‘ఫ్రాట్రిసైడ్’, తల్లిని చంపితే ‘మాట్రిసైడ్’. టీచర్ గారు చెప్పిన లెక్కన మాతృ, భ్రాతృ మనకు తెలిసినవే. డబ్బున్నవారి పాలన ‘ప్లుటోక్రసీ’, మతపెద్దల పాలన ‘థియోక్రసీ’. ఈ రకం ప్రశ్నలకు మీ అన్న చెప్పిన పాత పేపర్లు, కోచింగ్ వారి పట్టిక రెండూ ఒకే చోటికి తీసుకుపోతాయి.

నల్లగొండ అధ్యాపకుడు

మహబూబ్‌నగర్ వారి జతల వాదనకు ఒక మాట. ‘టాసిటర్న్’కు జతగా ‘లకానిక్’ను చూపారు గాని, అంతే తరచుగా వచ్చే ‘రెటిసెంట్’ను వదిలేశారు. ఆ రెండూ ‘టాకేరే’, అంటే మౌనంగా ఉండటం అనే ఒకే క్రియ నుంచి పుట్టాయి. నోటితో చెప్పకుండానే ఒప్పుకున్నట్టు తెలియజేసే ‘టాసిట్’ కూడా ఆ ఇంటిదే. జతలు ఎప్పుడూ వేర్వేరు ధాతువులవని విద్యార్థులు అనుకుంటే అదీ పొరపాటే. ‘ఎగ్రీజియస్’ విషయానికొస్తే, మందలోంచి బయటపడినదన్న కథ విన్న విద్యార్థి ఆ తిరగబడిన అర్థాన్నే ఎక్కువ గట్టిగా గుర్తుపెట్టుకుంటాడు. తీరు తప్పిన పదాలను పట్టిక నుంచి తీసేయనక్కరలేదు, వాటి పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెడితే చాలు.

మహబూబ్‌నగర్ వారు

‘రెటిసెంట్’ మాట నిజమే. కాని సార్, కథతో పాటు చెప్పే అధ్యాపకుడు ఉన్న క్లాసు వేరు, కథ లేని రెండు వందల గీతల జిరాక్స్ వేరు. అచ్చంపేట, కల్వకుర్తి నుంచి వచ్చే పిల్లల చేతికి అందుతున్నది జిరాక్సే. అందులో ‘శాంగ్విస్ = రక్తం’ అని మాత్రమే ఉంటుంది. ‘శాంగ్విన్’ అంటే ఆశావాది అనీ, ‘శాంగ్వినరీ’ అంటే రక్తపాతంతో కూడినదనీ ఉండదు. ఒంట్లో రక్తం పాలు ఎక్కువైనవాడు ఉల్లాసంగా ఉంటాడన్న పాతకాలపు వైద్యం వల్ల మొదటి అర్థం వచ్చింది, అది చెప్పేవారు లేకపోతే విద్యార్థి రెండింటినీ ఒకటే అనుకుంటాడు. అందుకే నేను ముందు పదాన్ని వాక్యంలో చూపిస్తాను, అది రెండు మూడు చోట్ల ఎదురయ్యాక ధాతువు చెబుతాను.

దేవరకొండ నుంచి ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. చెల్లెలు అర్థాన్ని బట్టి గుంపులు కట్టుకోవడం మొదలుపెట్టింది. నేను వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్ వరకు పట్టిక పూర్తిగా చదివి, మిగతా పదాలను పాత పేపర్లలోంచి వాక్యంతో సహా ఎత్తి రాసుకొని, వాటి పక్కన మాత్రమే ధాతువు రాద్దామనుకుంటున్నాను. టీచర్ గారూ, ‘పెడ్’ అంటే పాదమని మీరు రాశారు, పిల్లల డాక్టరును ‘పీడియాట్రీషియన్’ అంటారు కదా, అక్కడ పాదం ఎలా వచ్చింది?

వనపర్తి ఉపాధ్యాయురాలు

అక్కడ పాదం లేదు నాయనా. అది గ్రీకు మాట, పిల్లవాడిని తెలిపే ‘పాయిస్’ నుంచి వచ్చింది. ‘పెడగోజీ’, ‘పీడియాట్రిక్స్’ ఆ ఇంటివి. ‘పెడల్’, ‘పెడెస్ట్రియన్’, కాళ్లకు అడ్డం పడటమనే అర్థమున్న ‘ఇంపీడ్’ లాటిన్ పాదానివి. నీ పట్టికలో లాటిన్, గ్రీకు కలగలిపి ఉంటే ముందు వాటిని రెండు నిలువు వరుసలుగా విడదీసుకో, ‘పెడ్’ను రెండింట్లోనూ రాయి.