పాత మారుతీ 800కి ప్లగ్ వైర్లు: సెట్ కొనాలా, మనమే చేసుకోవచ్చా?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం అండి. మాది 1997 కార్బ్యురేటర్ మారుతీ 800, నాన్నగారు కొన్న బండి, అమ్మే ఉద్దేశం లేదు. ఎండ పూట ఏ ఇబ్బందీ లేదు గానీ వాన పడినా తెల్లారి మంచు పట్టినా స్టార్ట్ అవ్వగానే మిస్సింగ్, మూడు సిలిండర్లలో రెండే పనిచేస్తున్నట్టు బండంతా ఊగిపోద్ది, పావుగంట పోయి ఇంజన్ వేడెక్కితే మళ్లీ మామూలే. ప్లగ్గులు మార్చాను, కార్బ్యురేటర్ రెండుసార్లు విప్పించి క్లీన్ చేయించాను, ఒక మెకానిక్ అయితే ఇంజన్ దించాల్సిందే అన్నాడు. మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు షెడ్డులో బానెట్ ఎత్తి చూస్తే ప్లగ్ వైర్ల (ప్లగ్గులకి కరెంటు తీసుకెళ్లే లావు వైర్లు) మీద సన్నగా నీలం మెరుపులు, టిక్ టిక్‌మని చప్పుడు. ఇక్కడ రాజమండ్రిలో దొరికిన రెడీమేడ్ సెట్ ఒకటి తెచ్చాను, మూడో సిలిండర్ వైరు బాగానే కూర్చుంది గానీ ఒకటోది పొట్టిగా ఉంది, లాగి పెడితే బిగుసుకుపోతోంది. మీటర్ల లెక్కన వైరు కొనుక్కొచ్చి మనమే చేసుకోవచ్చా? ఎవరైనా చేశారా?

ఆటోనగర్ బాబాయ్
తమ్ముడూ, ఇంజన్ దించమన్న మాట పక్కన పెట్టెయ్. వాన పడితే వచ్చి వేడెక్కితే పోయేది ఎక్కువసార్లు కరెంటు జబ్బే. విజయవాడలో ఇరవై ఏళ్ల పైగా ఆటో ఎలక్ట్రికల్ పనే చేస్తున్నా, తడి రోజు మిస్సింగ్ అంటే ముందు చూసేది వైర్లూ డిస్ట్రిబ్యూటర్ క్యాపే, అంటే ఒక్కో సిలిండర్‌కీ వంతుల వారీగా కరెంటు పంచే డబ్బా మీది మూత. కాయిల్ (బ్యాటరీ కరెంటుని పెద్ద వోల్టేజీకి పెంచేది) నుంచి వచ్చేది వేల వోల్టులు కదా, వైరు పైతోలు ఎండిపోయి సన్న పగుళ్లు పడితే, అందులో తేమ చేరితే, ప్లగ్గు దాకా వెళ్లకుండా దగ్గర్లో ఉన్న ఇనుము మీదకి దూకేస్తుంది. రాత్రి నువ్వు చూసిన మెరుపు అదే.

కొత్తవి కొనేముందు క్యాప్ విప్పి లోపల టార్చ్ వేసి చూడు. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత రెండు పాయింట్ల మధ్య కనపడితే అది కార్బన్ ట్రాక్, తుడిస్తే పోదు, క్యాప్ మార్చాల్సిందే, అది వదిలేసి వైర్లు ఎన్నిసార్లు మార్చినా తడి రోజు మళ్లీ మిస్సింగే. మధ్యలో చిన్న కార్బన్ బటన్ ఉంటుంది, స్ప్రింగు మీద లోపలికీ బయటికీ ఆడాలి, అరిగిపోయిందేమో చూడు. క్యాప్ బాగుంటే అప్పుడు మల్టీమీటర్ తీసి ఒక్కో వైరూ ఈ చివర నుంచి ఆ చివరకి కొలువు. ఫ్యాక్టరీ రకం కార్బన్ వైరు (లోపల రాగి బదులు కార్బన్ దారం ఉండేది) మామూలుగా మీటరు పొడవుకి ఓ 10 నుంచి 20 వేల ఓమ్‌ల దాకా చూపిస్తుంది, అంకె కంటే ముఖ్యం ఏంటంటే పొడవుకి తగ్గట్టు ఉండాలి, పొట్టి వైరు పొడుగు వైరు కంటే ఎక్కువ చూపించిందంటే అది పోయినట్టే.

ఇంజన్ ఆడుతుండగా వైరు పీకి చూడొద్దు, చేతికి గట్టిగా కొడుతుంది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అయితే ఇగ్నైటర్‌కి (కాయిల్‌ని నడిపే ఎలక్ట్రానిక్ భాగం) కూడా మంచిది కాదు. ఆపి, చల్లారాక, వైరు చివర ఉండే రబ్బరు బూటు (తొడుగు) పట్టుకుని కొంచెం తిప్పి లాగు, వైరు పట్టుకుని లాగావంటే లోపలి కార్బన్ దారం తెగిపోద్ది.

సికింద్రాబాద్ 800
చేసుకోవచ్చు అన్నా, నేను నా బండికి చేసిన, రాణిగంజ్‌ల సిలికాన్ పైతోలు ఉన్న 7 ఎంఎం కార్బన్ వైరు, టెర్మినల్స్ (చివర్లకి నొక్కే లోహపు క్లిప్పులు), రబ్బరు బూట్లు విడిగా తెచ్చుకున్న. పాత వైరు పక్కన పెట్టి దాని పొడవే కోసుకో, ఒక వేలెడు ఎక్కువ ఉంచు. అసలు పని అంతా చివర్ల దగ్గర్నే ఉంది. పైతోలు ఒకటిన్నర సెంటీమీటర్ పొడుగు తియ్యి, లోపల నల్ల దారం లెక్క ఉంటది, అది తెగకుండా బ్లేడు మెల్లగ తిప్పు, ఆ దారాన్ని వెనక్కి మడిచి తోలు మీద పెట్టి, టెర్మినల్ దానికి తగిలేటట్టు నొక్కాలి. నేను మొదటి వైరుకి మామూలు ప్లయర్‌తోని నొక్కిన, చూస్తే గట్టిగనే ఉంది గాని మీటర్ల ఏమీ రాలేదు, దారం టెర్మినల్‌కి తగలలేదు. క్రింపింగ్ ప్లయర్ తెచ్చుకుని మళ్లీ చేసినంక సరిగ్గ వచ్చింది. ఇంకోటి, బూటు ముందే వైరు మీదకి ఎక్కించుకో, తర్వాత ఎక్కదు. ప్రతి వైరూ బిగించే ముందు కొలుచుకో.

అంబాసిడర్ మావయ్య
ఒక మాట. దుకాణంలో రాగి తీగ వైరు ఇస్తారు, అదే మంచిదంటారు, తొందరపడకండి. మా అంబాసిడర్‌లో డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో మొన దేలిన స్క్రూ వైరులోకి దిగుతుంది, అక్కడ రాగే కావాలి, కార్బన్ దారం స్క్రూకి ఆగదు. కానీ రాగి వైరుకి రెసిస్టెన్స్ ఉండదు కాబట్టి రేడియోలో గరగరా శబ్దం వస్తుంది, అందుకే రెసిస్టర్ ఉన్న ప్లగ్ క్యాపులు గానీ, కోడ్‌లో ఆర్ అక్షరం ఉన్న ప్లగ్గులు గానీ వాడతాం. మీ 800కి కార్బన్ రకమే వెయ్యండి. వైర్లు ఒకదాని పక్కన ఒకటి కట్టెయ్యొద్దు, ఎగ్జాస్ట్‌కి ఆనించొద్దు. ఒక్కో వైరు తీసి దాని స్థానంలోనే కొత్తది పెట్టండి, మూడూ ఒకేసారి తీస్తే ఏది ఎక్కడిదో తికమక. మీ బండి ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-2, టైమింగ్ బెల్ట్ వైపుది ఒకటో నంబరు. అందుకే ఒకటో వైరు పొడుగ్గా ఉండాలి, డిస్ట్రిబ్యూటర్ అవతలి చివర ఉంటుంది కదా.

గోదారిగట్టు
అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న ఆదివారం పని పూర్తయింది. క్యాప్ బాగానే ఉంది. మూడు వైర్లూ కొలిస్తే ఒకటోది 14 వేలు, మూడోది 7 వేలు, రెండోది అసలు ఏమీ చూపించలేదు. బూటు వెనక్కి లాగి చూస్తే టెర్మినల్ మీద తెల్లటి పొడి, లోపలి దారం అక్కడే మాడి రెండు మిల్లీమీటర్లు ఖాళీ. కార్బన్ వైరు తెచ్చి సికింద్రాబాద్ తమ్ముడు చెప్పినట్టు మూడూ చేశాను, కాయిల్ నుంచి క్యాప్‌కి వచ్చే వైరు కూడా మార్చేశాను. రాత్రి లైట్లు ఆపి స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద నీళ్లు చల్లి చూశాను, ఒక్క మెరుపు కూడా లేదు, ఇంజన్ మూడు సిలిండర్లతో మెత్తగా ఆడుతోంది. ఇవాళ పొద్దున్నే చినుకులు పడుతుండగానే నాన్నగారు తాళం తీసుకుని గోదారి గట్టు దాకా నడిపి వచ్చారు.