“ఆలసించిన ఆశాభంగం”: కరపత్రం మీద ఇంకా పనికొస్తుందా?

అడిగినవారు (విజయవాడ):

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఒక బట్టల షాపుకి ఆషాఢం సేల్ కరపత్రం రాస్తున్నాను. పైన పెద్దక్షరాల్లో “మంచి తరుణం మించిన దొరకదు, ఆలసించిన ఆశాభంగం” అని వేశాను. రిక్షాకి మైకు కట్టుకుని తిరిగే ప్రచారంలో మనందరం విన్నదే. మా ఆఫీసు కుర్రాళ్లు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, హెడ్‌లైన్లకి మార్కులేసే సైటొకటి ఉంటే అందులో పెట్టారు. “ఎమోషన్ తక్కువ” అని తేల్చేసింది. అద్భుతం, ఆనందం, ప్రేమ లాంటి మాటలు కలిపేకొద్దీ మార్కులు పెరుగుతున్నాయి. చివరికి “అద్భుతమైన ఆనందాన్ని పంచే ఆషాఢ ప్రేమ కానుక” దగ్గర తేలాం. మార్కులు బ్రహ్మాండం. చదివితే రాసిన నాకే ఏమీ అనిపించలేదు.

రెండు సందేహాలు. ఇక్కడ “మించిన” అంటే ఏమిటి? “మంచి తరుణాన్ని మించినది దొరకదు” అనుకోవాలా? రెండోది, ఒక శీర్షిక మనసుకి తగులుతుందో లేదో తేల్చుకోవడానికి మనవైపు దారేదైనా ఉందా?

తెలుగు మాస్టారు (తెనాలి):

అమ్మా, మొదటిదానికి నేను చెబుతాను. ఇది విశేషణం కాదు, చేదర్థకం, అంటే “అలా జరిగితే” అన్న అర్థమిచ్చే రూపం. “మించినన్ దొరకదు”, అంటే మించిపోతే మళ్లీ దొరకదు. “ఆలసించినన్ ఆశాభంగం”, ఆలస్యం చేస్తే ఆశాభంగం. చివరి నకారం రాలిపోవడంతో ఈ కాలంవాళ్లకి “చేసిన పని”, “చూసిన ఇల్లు” వరసలో వినపడుతోంది. సుమతీ శతకంలో “మ్రొక్కిన వరమీని వేల్పు” ఉంది కదా, అక్కడా అంతే. మొక్కితే వరమివ్వని దేవుడు. “ఎక్కిన బారని గుర్రము” కూడా అదే కోవ.

రెండోదాంట్లో నాకు ప్రవేశం లేదు కానీ, చెవికి సంబంధించినది ఒకటి గమనించండి. మంచి, మించి: రెండో అక్షరం కలిసింది, ప్రాస. ఆలసించిన, ఆశాభంగం: మొదటి అక్షరం కలిసింది. మించిన, ఆలసించిన: చివరలు కలిశాయి. పద్యం చెవికెక్కే పద్ధతులన్నీ ఆ ఆరు మాటల్లోనే సర్దేశాడు మహానుభావుడు. ఇంగ్లీషు చేయగానే అవన్నీ పోయాయి, ఇక మార్కులు దేనికి వేసినట్టు?

ప్రకటనల రచయిత (హైదరాబాద్, రిటైర్డ్):

మాస్టారు అన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. ఇక రెండో ప్రశ్న. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఆ సైట్లు చేసేది చాలావరకు ఒకటే పని. దగ్గర ఒక మాటల జాబితా పెట్టుకుంటాయి, మీ శీర్షికలో ఆ మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి శాతం చెబుతాయి. “ప్రేమ” అని ఉంటే ప్రేమ ఉన్నట్టు, “ఆనందం” అని ఉంటే ఆనందం ఉన్నట్టు. ఈ లెక్క తప్పని మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, ఎప్పుడో చెప్పారు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరులో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో దీన్ని నేరుగా ఎత్తుకున్నాడు. విభావాదులు, అంటే భావాన్ని పుట్టించే మనుషులూ సన్నివేశమూ లాంటివి, లేకుండా ఉత్త “శృంగారం” అనే మాట వాడితే శృంగారం పుట్టదంటాడు. ఆ పేరు ఎత్తకపోయినా సన్నివేశం సరిగ్గా అమిరితే పుడుతుందంటాడు. తర్వాత మమ్మటుడనే మరో ఆలంకారికుడు రసదోషాలు, అంటే రసాన్ని చెడగొట్టే తప్పులు, చెబుతూ, భావాన్నీ రసాన్నీ వాటి పేర్లతోనే చెప్పడాన్ని మొట్టమొదటి దోషంగా పెట్టాడు. స్వశబ్దవాచ్యత అంటారు. మీ “అద్భుతమైన ఆనందాన్ని పంచే ప్రేమ కానుక”లో ఉన్నది అచ్చంగా అదే. మూడు భావాల పేర్లు ఉన్నాయి, ఒక్క మనిషీ లేడు.

అమ్మకాల రాతలో పేరుమోసిన శీర్షికలు తీసి చూడండి. 1926లో అమెరికాలో జాన్ కేపుల్స్ అనే ప్రకటనల రచయిత ఒకటి రాశాడు. ఉత్తరాల ద్వారా సంగీతం నేర్పే స్కూలు ప్రకటన అది. మన మాటల్లో: “నేను పియానో ముందు కూర్చుంటే అందరూ నవ్వారు. వాయించడం మొదలుపెట్టేసరికి...!” ఇందులో అవమానం అన్న మాట లేదు, గర్వం అన్న మాట లేదు. ఉన్నది ఒక గది, ఒక పియానో, నవ్వుతున్న నలుగురు. నలుగురిలో చులకనైన ఎవరికైనా ఆ తర్వాత ఏమైందో తెలుసుకోకుండా కాళ్లు కదలవు. మరో ముప్ఫై ఏళ్లకి, 1958లో డేవిడ్ ఓగిల్వీ అనే మరో ప్రకటనల రచయిత రోల్స్ రాయిస్ కారుకి రాసింది ఇంకా పొడిగా ఉంటుంది. గంటకి 60 మైళ్ల వేగంలో ఈ కారులో వినపడే పెద్ద చప్పుడల్లా కరెంటు గడియారానిదేనట! మాటల జాబితాతో కొలిస్తే దీనికి సున్నా రావాలి. కానీ ఆ నిశ్శబ్దంలో ఎంత దర్జా ఉందో చూడండి.

ఇంగ్లీషుకే ఆ గతి పడితే తెలుగుకి ఇంకా కష్టం. మనకి సగం భావం మాట చివర అతుక్కునే అక్షరంలో ఉంటుంది. ఒక ఉదాహరణ:

“ఈ సంక్రాంతికి అమ్మకు చీర కొనండి.”
“ఈ సంక్రాంతికైనా అమ్మకు చీర కొనండి.”

మాటలు అవే. మొదటిది షాపువాడి విన్నపం. రెండోదాంట్లో “ఐనా” చేరగానే ఎన్ని సంక్రాంతులు ఉత్తచేతులతో ఊరికి వెళ్లామో గుర్తొస్తుంది. ఎవరూ తిట్టలేదు, అయినా తల దించుకుంటాం. “సంక్రాంతికే” అంటే తొందర, “అమ్మకూ” అంటే ఆవిణ్ణి మర్చిపోయి మిగతా అందరికీ కొన్నారన్న ఎత్తిపొడుపు. ఏ, ఊ, ఐనా: ఈ మూడింటినీ ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోగా నేను చూడలేదు. తర్జుమాలో అయితే అసలు మిగలవు.

మరి తూచడం ఎలా? నేను చేసేది చెబుతాను. షాపు పేరు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి, శీర్షిక ఒక్కటే ఎవరికైనా చదివి వినిపిస్తాను. “బాగుందా?” అని అడగను. అడిగితే మర్యాదకి బాగుందంటారు. “ఎవరు గుర్తొచ్చారు?” అని అడుగుతాను. ఎవరో ఒకరు గుర్తొస్తే, అమ్మో, ఆడపడుచో, పక్కింటావిడో, శీర్షికలో ప్రాణం ఉన్నట్టే. ఎవరూ గుర్తురాకపోతే ఎన్ని అద్భుతాలు ఉన్నా దండగ. తర్వాత ఇంకో ప్రశ్న: పుట్టించిన భావాన్ని మనం అమ్మే సరుకు తీరుస్తుందా? అమ్మ విషయంలో తప్పు చేశామన్న బాధ చీరతో కొంత తీరుతుంది. అదే బాధ పుట్టించి మిక్సీ అమ్మబోతే మనిషికి చిరాకే మిగులుతుంది.

ఆఖరి పరీక్ష మాత్రం గల్లాపెట్టె దగ్గరే. కేపుల్స్ కాలంలోనే కూపన్ మీద గుర్తు మార్చి, ఏ శీర్షికకి ఎన్ని కూపన్లు తిరిగొచ్చాయో లెక్కపెట్టేవారు. మీరూ రెండు శీర్షికలతో సగం సగం అచ్చువేయించండి. కరపత్రం తెస్తే చిన్న తగ్గింపు అని పెట్టి, మూల మీద ఒకదానికి చుక్క, ఒకదానికి గీత. కౌంటర్‌లో కుర్రాడికి చెబితే చాలు, వేరు చేసి దాస్తాడు.

కర్నూలు నుంచి ఒకరు:

అంతా బాగుంది సార్, కానీ “భంగం” అన్న మాట కరపత్రం నెత్తిన పెడితే ఏ షాపు ఓనరూ ఒప్పుకోడు. మొదటి మాటే అశుభం అంటాడు. అసలే ఆషాఢం, పెళ్లిళ్లు ఉండవు, బేరాలు పడిపోయే నెల. అందుకే కదా ఈ డిస్కౌంట్లు!

ప్రకటనల రచయిత:

ఓనరు అభ్యంతరం కొట్టిపారేయలేం. కానీ ఆ మాటలో పని చేసేది ఆ భంగమే. వచ్చే లాభం కన్నా పోయే నష్టం మనిషికి బరువుగా తోస్తుందని కానెమన్, ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో సిద్ధాంతం చేశారు. మన మైకు రిక్షావాడికి సిద్ధాంతం అక్కర్లేకపోయింది. ఇప్పుడు దెబ్బతిన్నది మాట కాదనుకుంటాను, దాని మీద నమ్మకం. ఏడాది పొడుగునా “ఇంకా రెండు రోజులే” అని బోర్డు పెట్టే కొట్ల వల్ల “త్వరపడండి” అంటే నవ్వు వస్తోంది. లేని తొందర పుట్టించడాన్ని 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని బోల్తా కొట్టించే వెబ్‌సైటు ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో పేరు పెట్టి మరీ చేర్చారు. అవి ఆన్‌లైన్ అమ్మకాలకి. కరపత్రాలనైతే 2022 నాటి తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు చూసుకుంటాయి.

అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలండీ. పొద్దున్నుంచి కూర్చుని మూడు రాశాను.

“ఆషాఢం ఆఫర్: ఆలసించిన ఆశాభంగం”
“శ్రావణంలో పేరంటానికి కట్టే చీర, ఆషాఢం ధరకే”
“ఆషాఢం వెళ్లిపోతే ఈ ధరకి మేమూ ఇవ్వలేం”

మా ఇంటి కింద టైలరుగారికి చదివి వినిపించాను. మొదటిదానికి “సర్కస్ వచ్చిందామ్మా?” అన్నారు. రెండోదానికి వాళ్ల అక్కగారు గుర్తొచ్చారట, పోయినేడాది వరలక్ష్మీ వ్రతానికి పాత చీరే కట్టుకున్నారని. మూడోదానికి ఎవరూ గుర్తురాలేదు కానీ, “షాపు ఎక్కడ?” అని అడిగారు.

తెలుగు మాస్టారు:

మూడోది నాకు నచ్చింది. “వెళ్లిపోతే” కూడా చేదర్థకమే, పంచె విప్పి ప్యాంటు వేసుకుందంతే. “మేమూ” మీద ఆ ఊకారం మరీ బాగుంది. ఇవ్వాలని ఉన్నా చేతిలో లేదు అన్న ధ్వని వచ్చింది.

ప్రకటనల రచయిత:

నా ఓటు రెండోదానికి. షాపు ఎక్కడ అని ఆయన అడిగినా, నలుగురికీ చెప్పుకునేది అక్కగారి చీర సంగతే. రెండూ వేయించి చూడండి, చుక్క ఒకదానికి, గీత ఒకదానికి. కానీ మూడోదాని విషయంలో ఒక మాట: శ్రావణం వచ్చాక నిజంగానే ధర పెంచుతారా? పెంచకపోతే అది వేయించొద్దు.

అడిగినవారు:

ఓనరుగారిని అడిగాను సార్. “ముందు జనాన్ని రానివ్వండి, తర్వాత చూద్దాం” అన్నారు. రెండోదే ప్రెస్సుకి పంపించాను.